దారి తెలిసినవాణ్ణి దారి అడక్కండి!

దారి తెలిసినవాణ్ణి దారి అడగడమంత తెలివితక్కువ పని ఈ లోకంలో మరొకటి లేదు!

నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. దారి తెలిసినవాడు ఏం చేస్తాడు? "ఆ పచ్చ బస్సు ఎక్కు, కృష్ణగిరిలో దిగు" అంటాడు. అంతే! మాట అయిపోయింది. మీరెవరో, మీ తాత పేరేమిటో, ఈ ఏడు రాగి వేశారో వేరుశనగ వేశారో వాడికి అక్కర్లేదు. మనిషికీ మనిషికీ మధ్య ఇంతేనా సంబంధం?

అదే దారి తెలియనివాణ్ణి అడిగి చూడండి. ముందు కూర్చోమంటాడు. తర్వాత టీ చెప్పమంటాడు. మీకే కాదు, తనకి కూడా. ఆపైన మీ వంశం గురించి, మీ ఆరోగ్యం గురించి, రోడ్ల గురించి, ఆ రోడ్లు వేసిన కాంట్రాక్టరు గురించి మాట్లాడతాడు. మీరు వెళ్ళాల్సిన ఊరు తప్ప సమస్త ప్రపంచమూ ఆ సంభాషణలోకి వచ్చేస్తుంది. ఇంతకంటే విద్య ఏ కాలేజీలో చెబుతారు?

అలాంటి విద్యాపీఠం మా ధర్మపురిలో ఉండడం మా పూర్వజన్మ సుకృతం. బస్టాండుకి ఎదురుగా, కుప్పుసామి టీకొట్టు ముందు ఒక బెంచీ. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిది కాబట్టి దాని కింద ఇటుక పెట్టారు. ప్రయాణం పెట్టుకున్న ఏ మనిషైనా ఆ బెంచీని సంప్రదించకుండా బస్సు ఎక్కితే అది అహంకారం కిందికే వస్తుంది.

ఆ పక్క గదిలో టైపురైటింగ్ ఇన్‌స్టిట్యూట్ నాదే. తెల్లారి మొదటి బ్యాచ్ నుంచి రాత్రి తాళం వేసేదాకా, టకటకల సందులో ఆ బెంచీ జ్ఞానం నా చెవిలో పడుతూనే ఉంటుంది. కనుక దాని గురించి రాయడానికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు.

పేర్లు పెట్టి రాస్తున్నావే, తంతారేమో అని మీకు అనుమానం రావచ్చు. ఆ భయం లేదు. మా ఊరి తెలుగువాళ్ళు ఎన్నో తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చదవడం మాత్రం అరవమే! నాకు మా తాత ఇసకలో వేలు పట్టి దిద్దించాడు కాబట్టి ఈ నాలుగు అక్షరాలు వచ్చాయి. ఇది అచ్చయి వస్తే బెంచీవాళ్ళు నా చేతికే ఇచ్చి చదవమంటారు. పొగడ్తలున్న చోట గొంతు పెంచి చదువుతాను. మిగతా చోట్ల దగ్గు వస్తుంది.

బెంచీకి అధ్యక్షుడు గోవిందరాజు. ఆయన ఒకసారి బెంగుళూరు వెళ్ళాడు. కడుపులో అపెండిక్స్ పగిలేలా ఉందంటే వ్యానులో పడుకోబెట్టి తీసుకుపోయారు, కోసి కుట్టాక మళ్ళీ పడుకోబెట్టే తీసుకొచ్చారు. అప్పట్నించీ బెంగుళూరు రోడ్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. వెల్లకిలా పడుకుని వెళ్ళాడు కదా, దారి పొడవునా ఆకాశం కూడా చూశాడు. అందుకని వాన సంగతి కూడా ఆయన్నే అడుగుతారు.

ఈశ్వరప్ప సినిమా హాల్లో గేటు కాపలా. టార్చిలైటు పట్టుకుని నిలబడిన చోటినుంచే కాశ్మీరు, సింగపూరు, ప్యారిస్ అన్నీ చూసేశాడు. స్వయంగా సేలం దాటింది లేదు. దాటాల్సిన అవసరం ఏముంది?

మూడోవాడు మునియప్ప. మీరు ఏ ఊరి ఊసెత్తినా ఆయన నోట మా ఊరి దగ్గరి జలపాతం ఒక్కటే వస్తుంది: "ఆడికెందుకు? హొగెనకల్ పో. ఒళ్ళంతా నూనె రాపించుకోని నీళ్ళ కింద నిలబడు." పెళ్ళికి వెళ్ళేవాడికీ ఇదే సలహా, కోర్టు కేసుకి వెళ్ళేవాడికీ ఇదే. ఒకసారి పక్షవాతం వచ్చిన తండ్రిని వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలని వచ్చినవాడికి కూడా ఇదే చెప్పాడు. దీన్ని కదా సిద్ధాంతం మీద నిలబడడం అంటారు!

ఇంత గొప్ప సభ ముందుకి వెళ్ళేటప్పుడు కొన్ని మర్యాదలుంటాయి. ఈ కాలం కుర్రాళ్ళకి అవి తెలియక సరాసరి వచ్చి "సేలం బస్సు ఎప్పుడు?" అని అడిగేస్తున్నారు. ఎంత అసభ్యం! వచ్చినవాడు ముందు కాస్త దూరంగా నిలబడాలి. దగ్గాలి. బస్సు అవసరం ఉన్నట్టు కనపడకూడదు. "ఏం తమ్ముడూ, నిలబడిపోయినావే" అని వాళ్ళే పిలిచేదాకా ఆగాలి.

పోయిన వారం ఇంకెవరో అడిగిన సంగతి మీరు మళ్ళీ అడగకూడదు. "అది శుక్రవారమే చెప్పేసినాము కదా" అంటారు. శుక్రవారం మీరు అక్కడ లేరు నిజమే. లేకపోవడం మీ తప్పు, వాళ్ళది కాదు.

సలహా వినకుండా వెళ్ళినవాడు క్షేమంగా తిరిగి రాకూడదు. వచ్చినా కనీసం కుంటుతూ రావాలి. బెంచీని సంప్రదించకుండా తిరువణ్ణామలై వెళ్ళి నవ్వుకుంటూ తిరిగొచ్చిన చిన్నసామితో ఆ ముగ్గురూ ఇప్పటికీ మాట్లాడరు.

అన్నిటికంటే పెద్ద మర్యాద ఒకటుంది. అది మా పెద్దవాళ్ళు పెట్టింది. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగరాదు! అడిగితే వెళ్ళే పని చెడుతుంది. కావాలంటే "దూరమా?" అనాలి. అతను "కొంచెం దూరమే" అనాలి. అంతకుమించి ఊరి పేరు అతను చెప్పకూడదు, వీళ్ళు అడగకూడదు. అలాగే చేతిలో మూట ఉంటే అందులో ఏముందో ఇతను చెప్పరాదు, దిష్టి తగులుతుంది. వాళ్ళు అడగరాదు, అడిగితే కళ్ళు పెట్టినట్టు.

ఇప్పుడర్థమైందా బెంచీ గొప్పతనం? ఎక్కడికో తెలియదు. ఎందుకో తెలియదు. మూటలో ఏముందో తెలియదు. అయినా సలహా ఇచ్చి పంపిస్తారు! చీటీ చూసి మందివ్వడం ఎవడైనా చేస్తాడు. రోగం ఏమిటో తెలియకుండా మందివ్వాలంటే ఎంత ధైర్యం ఉండాలి?

ఇన్ని మర్యాదల్నీ తు.చ. తప్పకుండా పాటించిన మనిషిని నేను ఒకణ్ణే చూశాను. మా బావ తిమ్మరాయన్.

మా అక్క నంజమ్మని కంబైనల్లూరులో ఇచ్చాం. మెట్ట సేద్యం. వానొస్తే రాగి, రాకపోతే అప్పు. ఆ ఏడు బావి కింద కాస్త మల్బరీ పెట్టి, పట్టుపురుగులు పెంచారు. మొదటి పంట అది. పురుగులకి వేరే షెడ్డు కట్టే స్తోమత లేక, ఉన్న ఇంట్లోనే తట్టలు పేర్చి పురుగుల్ని లోపల పెట్టారు. మనుషులు బయటికొచ్చారు. పిల్లలు కొట్టంలో ఆవు పక్కన పడుకున్నారు, బావ అరుగు మీద. అక్కకి పడుకునే తీరికే లేదు. ఆ పురుగులు పగలూ రాత్రీ తింటాయి కదా!

పట్టుపురుగు మహా సుకుమారి. పొగ పడదు, బీడీ వాసన పడదు, మిరపకాయ ఘాటు తగిలితే తల తిప్పుకుని తిండి మానేస్తుంది. కాబట్టి ఆ నెలంతా మా అక్క ఇంట్లో తాళింపు లేదు. ఉడికించిన పప్పు, ఉప్పు, రాగిముద్ద. బావ బీడీలు మానేశాడు. పథ్యం పెట్టిన బాలింతలా ఇల్లంతా చప్పిడి తింది. నేను ఒకసారి చూడ్డానికెళితే అక్క వాకిట్లోనే నిలబెట్టింది. "నీ క్రాపుకి రాసుకున్న నూనె వాసన వస్తా ఉంది, లోపలికి రావద్దు" అంది. తోడబుట్టినవాణ్ణి!

"ఈ గూళ్ళు అమ్ముకోని వచ్చిన దినం ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ వేసి తిరగబాత పెడతాను. వీధి వీధంతా తుమ్మల్ల" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడాలి మీరు. చిక్కి సగమైపోయి ఉంది. అయినా కళ్ళు మెరుస్తున్నాయి.

పురుగులు బంగారంలాంటి గూళ్ళు కట్టాయి. ఇక్కడొక చిక్కుంది. గూడు కట్టిన పురుగు లోపల ఊరికే ఉండదు. రెక్కలు మొలిపించుకుని, గూటికి చిల్లి పెట్టి, సీతాకోకచిలుకై బయటికొస్తుంది. చిల్లి పడిన గూటి నుంచి దారం రాదు. దాన్ని ఎవరూ కొనరు. కనుక అది రాకముందే సంత చేరాలి. రామనగరంలో ధర బాగుందని విన్నారు. బెంగుళూరు అవతల, కన్నడ దేశం.

అష్టమి అని ఒక రోజు, నవమి అని ఒక రోజు బావ వాళ్ళమ్మ మారమ్మ ఆపింది. గూళ్ళలోని పురుగులకి పంచాంగం చూడ్డం రాదు కదా, వాటి పని అవి చేసుకుంటూ పోయాయి. సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకి బావ బయల్దేరాడు. రెండు పెద్ద బుట్టలు, పైన తెల్ల పంచె కప్పి, చుట్టూ తాడు కట్టి.

ధర్మపురిలో దిగేసరికి ఏడు. బెంగుళూరు బస్సు ఎదురుగానే నిలబడి ఉంది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, "బెంగుళూర్! బెంగుళూర్! బెంగుళూర్!" అని గొంతు చించుకుంటున్నాడు. మరి బావ ఎక్కేశాడా? అంత మర్యాద తెలియని మనిషి కాదు. జీవితంలో కృష్ణగిరి దాటనివాడు, పెద్దమనుషుల్ని ఒక మాట అడక్కుండా ఎలా ఎక్కుతాడు? బుట్టలు దించుకుని, బెంచీకి కాస్త దూరంగా నిలబడి, దగ్గాడు.

ఇక జరిగింది నేను తర్వాత కుప్పుసామి నోట విన్నాను. లోపల నా మొదటి బ్యాచ్ టకటకల్లో నాకు గొంతులే తప్ప మాటలు తెలియలేదు.

"దూరమా తిమ్మరాయా?" అన్నాడు గోవిందరాజు.

"కొంచెం దూరమేనన్నా. ఉత్తరంగా పోవాలంటే ఏ బండి మేలు?"

చూశారా, ఎంత పద్ధతిగా అడిగాడో! ఊరి పేరు లేదు, పని పేరు లేదు. బెంచీ పరవశించిపోయింది. కూర్చోబెట్టారు. టీ చెప్పించారు. ఉత్తరం అంటే ఏమిటి అన్నదాని మీద చర్చ మొదలైంది.

ఉత్తరం అంటే కాశీయే అన్నాడు ఈశ్వరప్ప. తెల్ల బట్ట కప్పి ఉంది, మొహం వాడి ఉంది, నెలగా బీడీ కూడా ముట్టలేదట. ఇంకేముంది, ముసలమ్మ మారమ్మ పోయినట్టుంది, అస్థికలు కలపడానికి పోతున్నాడు పాపం! గోవిందరాజు ఒప్పుకోలేదు. అస్థికలకి రెండు బుట్టలెందుకు? మారమ్మ అంత లావు మనిషి కాదు. బుట్టకి పంచె కప్పి తాడు కట్టారంటే అది సీరు. మేనకోడలి పెళ్ళికి మేనమామ తీసుకుపోయే పసుపు, కుంకుమ, చీర, పళ్ళు, లడ్డూలు. కచ్చితంగా పెళ్ళే!

చావా, పెళ్ళా అని వాళ్ళు వాదించుకుంటుంటే బావ తల వంచుకుని కూర్చున్నాడు. వాళ్ళని సరిదిద్దితే అమర్యాద. నిజం చెబితే దిష్టి. అవతల కండక్టరు అరుస్తూనే ఉన్నాడు.

"ఆ బండే బెంగుళూరు పోతాదంట కదన్నా?" అన్నాడు బావ ఉండబట్టలేక.

"కండక్టరు మాట నమ్ముతావా? ఆయప్పకి టికెట్టు తెగల్ల కదా!" అన్నాడు గోవిందరాజు.

ఎంత లోతైన మాట! బస్సు ఎక్కడికి వెళుతుందో చెప్పడంలో కండక్టరుకి సొంత లాభం ఉంది. బెంచీకి ఏ లాభమూ లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరి మాట నమ్మాలి? బావ బెంచీనే నమ్మాడు.

ఏడున్నర కావస్తుండగా బస్సు ఇంజను మోగింది. బావ లేచాడు. గోవిందరాజు భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "సోమవారం. ఏడున్నరకి రాహుకాలం పుడతా ఉంది. శుభానికి పోయేవాడు ఇప్పుడు ఎక్కుతాడా? తొమ్మిదికి ఇంగో బండి వస్తాది, కూకో." బస్సు వెళ్ళిపోయింది. మునియప్ప ఓదార్చాడు, హొగెనకల్ బస్సు ఉంది కదా అని.

ఎనిమిది దాటింది. ఎండ నేరుగా బుట్టల మీద పడింది. పట్టుపురుగుకి రెక్కలొచ్చేది పొద్దుటి పూట వెలుతురు తగిలాకే! బావ ఒకటికి రెండుసార్లు వంగి బుట్టకి చెవి ఆనించాడట. "ఏం, లడ్డూలు మాట్లాడుతున్నాయా?" అని ఈశ్వరప్ప నవ్వాడట.

నేను బయటికి రావడానికి కారణం చప్పుడు కాదు, నిశ్శబ్దం. ఆ బెంచీ నోరు మూతపడడం నేనెన్నడూ ఎరగను. ఎవరైనా పోయారేమోనని పరుగెత్తుకొచ్చాను.

గోవిందరాజు టీ గ్లాసు అంచు మీద తెల్లటి సీతాకోకచిలుక ఒకటి, తడి రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుని ఉంది. ఇంకొకటి ఈశ్వరప్ప తువ్వాలు మీద పాకుతోంది. మా బావ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని తాడు విప్పుతున్నాడు. పంచె తీశాడు. రెండు బుట్టల నిండా చిల్లులు పడిన గూళ్ళు, వాటి మీద రెక్కలు టపటపలాడించే పురుగులు. వాటికి ఎగరడం రాదు. బయటపడగానే చేసే పని ఒక్కటే, జత కట్టడం. అక్కడికక్కడే, రాహుకాలంలో, పురోహితుడు లేకుండా, వందల పెళ్ళిళ్ళు జరిగిపోతున్నాయి!

"నేను చెప్పలా, పెళ్ళే అని!" అన్నాడు గోవిందరాజు మెల్లగా. ఆయన అంచనా ఏనాడూ తప్పలేదు.

నేను నవ్వలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మీరు నవ్వుకోండి. ఆ పూట మా బావ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ముగ్గురినీ ఆ ఇటుక తీసి కొట్టాలనిపించింది. ఆయనకి మాత్రం వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. టీ డబ్బులిచ్చి, బుట్టలు ఎత్తుకుని, "పోయొస్తానన్నా" అని చెప్పి మరీ కంబైనల్లూరు బస్సు ఎక్కాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన్ని ఒంటరిగా అక్క ముందుకి పంపడానికి నాకు మనసొప్పలేదు.

అక్క వాకిలి ఊడుస్తోంది. బుట్టలు చూసింది. చీపురు కింద పెట్టి దగ్గరికొచ్చింది. బావ జరిగిందంతా చెప్పాడు, అస్థికలూ, సీరూ, రాహుకాలం. ఆమె తిడుతుందని, ఏడుస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. ఒక పురుగుని వేలి మీదికి తీసుకుని చూసింది.

"అంతసేపు కూకోబెట్టినారే, బుట్టలో ఏముందని ఒగరన్నా అడగలేదా?" అంది.

అడగలేదక్కా అన్నాను. మర్యాద కాదు కదా!

ఆ రాత్రి కూడా పప్పులో తాళింపు లేదు. ఇప్పుడు పెట్టుకోవచ్చు, పురుగులు లేవు. అయినా అక్క పెట్టలేదు.

అంతటితో మానేస్తారనుకున్నాను. మానలేదు. మళ్ళీ పురుగులు, మళ్ళీ తట్టలు, మళ్ళీ పిల్లలు ఆవు పక్కన. ఈసారి తట్టల్లోంచి గూళ్ళు తీయగానే, ఏ తిథి అని ఎవరినీ అడక్కుండా, మా అక్కే బయల్దేరింది. బావ వెనకాల బుట్టలు మోసుకొచ్చాడు. నేను ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నిలబడి కళ్ళారా చూశాను. బెంచీ మీద ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు. ఈసారి మరింత జాగ్రత్తగా సలహా ఇవ్వాలని వాళ్ళ మొహాల్లో పట్టుదల కనిపిస్తోంది. గోవిందరాజు గొంతు సవరించుకున్నాడు.

"దూరమా నంజమ్మా?"

మా అక్క ఆగనన్నా ఆగలేదు. సూటిగా బస్సు దగ్గరికి పోయి, బజారంతా వినపడేలా అరిచింది: "ఏమప్పా, పట్టుగూళ్ళు ఉండాయి, రామనగరం పోవల్ల. ఈ బండి ఎక్కొచ్చునా?"

ఊరి పేరు! సరుకు పేరు! నడిబజారులో, పదిమంది ముందు! నాకు గుండె ఆగినంత పనైంది. కండక్టరు మాత్రం "ఎక్కమ్మా, బెంగుళూరులో దిగి మారల్ల" అన్నాడు. బుట్టలు పైకెక్కాయి, మా అక్కా బావా లోపలికెక్కారు, బస్సు కదిలింది. మొత్తం వ్యవహారం కుప్పుసామి టీ వడగట్టేలోపు ముగిసిపోయింది.

బెంచీకి జరిగిన అవమానం మాటల్లో చెప్పలేను. "ఒక మాట అడిగిందా చూడు! ఆడమనిషికి అంత పొగరా?" అన్నాడు ఈశ్వరప్ప. హొగెనకల్ సంగతి చెప్పే అవకాశం కూడా రాలేదని మునియప్ప బాధపడ్డాడు. ఆ రోజు కుప్పుసామికి మూడు టీల నష్టం. ఇలా అందరూ కండక్టర్లనే అడుగుతూ పోతే ఈ దేశంలో సంభాషణ అనే కళ ఏం కావాలి?

రెండో రోజు కంబైనల్లూరు వెళ్ళాను. బస్సు దిగి వాళ్ళ వీధి మలుపు తిరుగుతుండగానే తుమ్ము వచ్చింది. ఎదురింటి పొన్ని తుమ్ముతోంది, అరుగు మీద ముసలమ్మ మారమ్మ తుమ్ముతోంది, ఆవు కూడా తల విదిలిస్తోంది. లోపల ఆవాలు చిటపటమంటున్నాయి. ఈసారి నన్ను వాకిట్లో ఆపలేదు. కంచం పెట్టి, ముద్ద పెట్టి, పప్పు మీద నల్లగా మాడిన ఎండుమిరపకాయలు తేలుతుంటే పోసింది.

ఇలాంటి సమయంలో కదా పెద్ద సంభాషణ జరగాలి! కృష్ణగిరి, హోసూరు, బెంగుళూరు, కన్నడ దేశం. ఎంత దారి, ఎన్ని అనుభవాలు! బెంచీకి తీసుకుపోయి చెప్పాలని, నేను ఎంతో ఆశగా అడిగాను.

"అంత దూరం ఎట్ల పోతివి అక్కా?"

"బస్సులో" అంది.

చూశారా! దారి తెలిసినవాళ్ళని అడిగితే ఇంతే. నేను ఇంకాస్త పప్పు పోయించుకున్నాను.